అటక మీది పసుపు క్యాసెట్ కోట్లు తెచ్చిపెట్టదు

మొన్న రాత్రి గుంటూరు నుంచి మా బాబాయి ఫోన్. "ఒరేయ్ చిన్నా, చిన్నప్పుడు మీరు ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లు ఇంకా మన అటక మీదే ఉన్నాయిరా. పాత సామానోడికి వేసేద్దామంటే మీ పిన్ని ఆపింది. మారియో క్యాసెట్ ఒకటి 15 కోట్లు పలికిందటగా!"

ఆ కబురు ఆయనకి వాట్సాప్‌లో వచ్చింది. నాకూ నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: పాత మారియో క్యాసెట్ అమెరికాలో 15 కోట్లకు పోయింది, మీ ఇంట్లో ఉన్నదీ అలాంటిదే కావచ్చు, ఎంత పాతదైతే అంత ధర, ఎంత అరుదైతే అంత ధర, ఈ ధరలు పెరగడమే గానీ తగ్గడం లేదు, బంగారం కన్నా నయం, ఫొటో తీసి ఫలానా నంబర్‌కి పంపితే కొనేవాళ్లని చూపిస్తాం.

నేను డాలస్‌లో ఉంటాను. పన్నెండేళ్లుగా పాత గేములు సేకరిస్తున్నాను. కొన్నాను, అమ్మాను, మోసపోయాను కూడా. ఈ మెసేజ్‌లో పూర్తిగా నిజమైన మాట ఒక్కటీ లేదు. మొదటి మాట కూడా సగమే నిజం.

2021 ఆగస్టులో 'సూపర్ మారియో బ్రదర్స్' అసలు కాపీ ఒకటి 20 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కలో దాదాపు 15 కోట్ల రూపాయలు. అయితే అంత ధర పలికింది క్యాసెట్‌కి కాదు, విప్పని పెట్టెకి. ఫ్యాక్టరీలో వేసిన సీలు చెక్కుచెదరలేదు, అట్ట మూలలు నలగలేదు. లోపలి క్యాసెట్‌ని చూసినవాళ్లు లేరు, చూడాలని సీలు తీస్తే ఆ ధర అక్కడితో సరి. అదే ఏడాది ఏప్రిల్లో ఇదే గేము ఇంకో కాపీని డాలస్‌లోని హెరిటేజ్ వేలం సంస్థ 6,60,000 డాలర్లకు అమ్మింది. అది 1986లో ఎవరో క్రిస్మస్ కానుకగా కొని, బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయిన కాపీ. 35 ఏళ్లు అలాగే ఉండిపోయింది. "ఇంట్లో మూలన పడున్న క్యాసెట్‌కి కోట్లు" అన్న కథ ఇలాంటి వాటి నుంచే పుట్టి ఉంటుంది. మూలన పడుండటం వల్ల దానికి ఆ ధర రాలేదు. కొన్నవాళ్లు ఒక్కసారి కూడా విప్పకపోవడం వల్ల వచ్చింది. పైగా దుకాణంలో కొక్కేనికి తగిలించడానికి పెట్టె వెనక అట్ట చెవి ఉన్న తొలినాటి ముద్రణ అది.

ఆ గేము ప్రపంచం మొత్తం మీద 4 కోట్లకు పైగా అమ్ముడైంది. పెట్టె లేకుండా, ఆడి ఆడి అరిగిన క్యాసెట్ కావాలంటే ఇక్కడ ఏ పాత గేముల దుకాణంలోనైనా దొరుకుతుంది. హోటల్లో ఇద్దరు భోంచేస్తే అయ్యే బిల్లు పెట్టుకుంటే చాలు.

ఇక మన ఇళ్లలో ఉన్నవాటి సంగతి. ఇది కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆశ పెట్టుకున్నది మనవాళ్లు.

మారియో గేము చేసిన నింటెండో సంస్థ జపాన్‌లో 1983లో ఫ్యామికామ్ అనే మెషీన్ తెచ్చింది. దాన్నే రూపు మార్చి, ఎన్ఈఎస్ అని పేరు పెట్టి 1985లో అమెరికాలో దింపింది. తొంభైల్లో మన బజార్లలో దొరికినవి ఈ రెండూ కావు. జపాన్ మెషీన్‌కి తైవాన్, చైనాల్లో చేసిన నకళ్లు. మనం 'టీవీ గేమ్' అన్నది వాటినే. క్యాసెట్లూ అంతే. జపాన్ తరహా క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా క్యాసెట్‌కి 72. మన పసుపు క్యాసెట్ అమెరికా మెషీన్‌లో అసలు పట్టనే పట్టదు. అమెరికాలో కోట్లు పలికిందీ మన అటక మీదిదీ ఒక జాతివే కావు.

ఈ మాట బాబాయి నమ్మలేదు. వీడియో కాల్‌లో స్క్రూడ్రైవర్ తెమ్మని, ఒక క్యాసెట్ విప్పించాను. పసుపు ప్లాస్టిక్ డబ్బా అంత పెద్దగా ఉన్నా లోపల పచ్చటి చిన్న బోర్డు ఒక్కటే, డబ్బాలో సగం కూడా లేదు. దాని నడుమ నల్లటి బొట్టు, తారు చుక్క కారి గడ్డకట్టినట్టు. "ఇదేంట్రా, కాలిపోయిందా?" అన్నాడు. కాలిపోలేదు, నకిలీ క్యాసెట్ చేసే పద్ధతే అది. అసలు క్యాసెట్‌లో అయితే సాధారణంగా బోర్డు మీద నింటెండో అన్న అక్షరాలుంటాయి. నల్లటి దీర్ఘచతురస్రం చిప్పులు, వాటికి అటూ ఇటూ వెండి కాళ్లు, పైన అంకెలు ఉంటాయి. నకిలీలో చిప్పు ముక్కని నేరుగా బోర్డుకి అంటించి పైన రెసిన్ చుక్క వేస్తారు. చవకలో అయిపోతుంది. పైన స్టిక్కరు మీద "9999999 ఇన్ 1" అని ఉంది. లోపల ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని గేములే. అదే మారియో, అదే కాంట్రా, అదే బాతుల వేట, అదే రోడ్ ఫైటర్ పేరు మార్చుకుని, స్టేజి మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. ఎండాకాలం సెలవుల్లో ఆ జాబితా చివరిదాకా వెళ్లాలని మా అన్న, నేను పొద్దుగూకేదాకా బటన్ నొక్కిన రోజులు నాకు గుర్తే.

ఆ క్యాసెట్లంటే నాకు ప్రాణం. కానీ కోట్లు పెట్టి కొనేవాళ్లు లేరు. జ్ఞాపకం కోసం కొనేవాళ్లున్నా వందల్లోనే బేరం.

పాతదైతే ధర అన్నది రెండు ముక్కల్లో తేలిపోతుంది. అటారీ కంపెనీ 1982లో తెచ్చిన 'ఈ.టీ.' గేము మారియో కన్నా పాతది. నా దగ్గర రెండున్నాయి, రెండూ కలిపి నలుగురం కాఫీ తాగే డబ్బుకి వచ్చాయి. లక్షల్లో తయారుచేశారు, కొనేవాళ్లు లేక 1983లో న్యూమెక్సికోలోని అలమొగోర్డోలో చెత్త పూడ్చేచోట మిగిలిన సరుకుతో కలిపి పాతిపెట్టారు. చిత్రమేమంటే, 2014లో తవ్వి తీసిన క్యాసెట్లలో ఒక 'ఈ.టీ.' కాపీ 1,500 డాలర్లు దాటి పలికింది, మట్టి కంపు కొడుతూ, అట్ట నలిగిపోయి. బీరువాలో శుభ్రంగా ఉన్నదానికి రాని ధర గోతిలోంచి తీసినదానికి వచ్చింది. దాని వెనకున్న కథని కొన్నారు.

అరుదైతే ధర అన్న మాటలో కొంత నిజముంది. 1990లో నింటెండో అమెరికా అంతటా పోటీలు పెట్టి, వాటి కోసం ప్రత్యేకంగా చేసిన బూడిదరంగు క్యాసెట్లు 90 మందికి ఇచ్చింది. పత్రిక పోటీలో గెలిచినవాళ్లకి బంగారు రంగువి 26 ఇచ్చింది. అందులో మూడు గేములు, ఆడటానికి 6 నిమిషాల 21 సెకన్లు. ఆ రెంటికీ సేకరించేవాళ్లలో ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. అలాగే 'స్టేడియం ఈవెంట్స్'. బందాయ్ సంస్థ 1987లో కాళ్లతో తొక్కి ఆడే చాపతో పాటు అమ్మింది. తర్వాత ఆ చాపని నింటెండో తీసుకుని పవర్ ప్యాడ్ అని పేరు మార్చింది, గేముకీ వేరే పేరు పెట్టింది. పాత పేరుతో ఉన్నవి దుకాణాల నుంచి వెనక్కి పోయాయి. 2010లో నార్త్ కరోలినాలో ఒకావిడ ఇంట్లో పనికిరానివి అమ్మేద్దామని ఈబేలో పెడితే, ఈ గేము, పెట్టె అందులో ఉండటం వల్ల 13,105 డాలర్లు వచ్చాయి. అదే గేము యూరప్‌లో అమ్మిన కాపీకి ఇందులో చిన్న వాటా కూడా రాదు. ఎక్కడ అమ్మినది, ఏ ముద్రణ, పెట్టె ఉందా, కావాలనుకునేవాళ్లు ఎందరు: ఇన్ని కలిస్తేనే ధర. ఎవరికీ అక్కర్లేని అరుదైన గేములు నా అలమరలోనే పదిహేను ఉన్నాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది "తగ్గడం లేదు" అన్న మాట. దీన్ని నమ్మే జనం పొదుపు డబ్బు తీస్తారు. తారీఖులు చూడండి. 2019 ఫిబ్రవరిలో మారియో కాపీ ఒకటి 1,00,150 డాలర్లు పలికింది. కొన్న బృందంలో హెరిటేజ్ సహ వ్యవస్థాపకుడు కూడా ఉన్నారు. ఆ సంగతి అప్పుడే ప్రకటించారు. 2020 ఏప్రిల్లో వాటాలు వేసి సొమ్ము పెట్టించే ర్యాలీ అనే సంస్థ ఒక కాపీని 1,40,000కి కొంది. 2021 జులైలో 'లెజెండ్ ఆఫ్ జెల్డా' అనే ఇంకో గేము 8,70,000, రెండు రోజులు తిరక్కుండానే 'సూపర్ మారియో 64' 15,60,000. ఆగస్టులో ర్యాలీ తన కాపీని 20 లక్షల డాలర్లకు అమ్మింది. మన వాట్సాప్‌లో తిరుగుతున్న 15 కోట్లు అదే. ఏడాదిన్నరలో పద్నాలుగు రెట్లు! 'మారియో 64' కోటికి పైగా అమ్ముడైన గేము, అరుదైనది కానే కాదు. దానికి ఆ ధర తెచ్చింది గ్రేడింగ్ సంస్థ, అంటే పెట్టె, సీలు ఎంత బాగున్నాయో చూసి మార్కులేసే సంస్థ, పదికి ఇచ్చిన 9.8 మార్కులు, సీలుకి వేసిన ఏ ప్లస్ ప్లస్. దీన్నే మనం వేలంవెర్రి అంటాం. ఆ వేడి తగ్గాక సీలున్న గేముల్లో చాలావాటి ధరలు దిగొచ్చాయి. 2021లో ఎగబడి కొన్నవాళ్లు అదే ధరకి అమ్మలేక అవస్థపడటం కళ్లారా చూశాను. బంగారమైతే ఏ ఊరి కొట్లోనైనా తూకం వేసి డబ్బిస్తారు. 9.8కి, 9.6కి ఉన్న తేడాకి డబ్బిచ్చేవాళ్లు ఎందరుంటారు?

నకిలీల బెడద వేరే. నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వచ్చిన 'పోకెమాన్ ఎమరాల్డ్' గేము నేను ఒకాయన దగ్గర 90 డాలర్లు పోసి కొన్నాను. మూడు వారాలకి సేవ్ చేసిన ఆట ఎగిరిపోయింది. అప్పుడు దీపం కింద పెట్టి చూశాను. అసలుదాని స్టిక్కరు మీద రెండంకెల నంబరు ఒకటి నొక్కి ఉంటుంది, ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. నాదానికి లేదు. పిన్నుల దగ్గర సందులోంచి చూస్తే బోర్డు మీద నింటెండో పేరు కనపడాలి. అదీ లేదు. వెనక మూడు గీతల స్క్రూ ఉండాల్సిన చోట మామూలు ప్లస్ స్క్రూ. కొనేముందు అర నిమిషం చూసుంటే 90 డాలర్లు మిగిలేవి.

చివరికి ఆ నంబర్ సంగతి. బాబాయి అప్పటికే ఫొటోలు పంపేశాడు. "మీ క్యాసెట్ 8 లక్షలు చేస్తుంది, రిజిస్ట్రేషన్‌కి 1,500 వేయండి" అని జవాబు వచ్చింది. పాత నాణేల పేరుతో జరిగే మోసం సరిగ్గా ఇదే. పాత నోట్లు, నాణేలు కొంటాం అమ్ముతాం అంటూ తన పేరు చెప్పి ఫీజు, కమిషన్ అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు తన డబ్బు ఇస్తాడు గానీ మీ దగ్గర తీసుకోడు. అదృష్టం, బాబాయి ఇంకా డబ్బు వేయలేదు. ఫోన్ పెట్టేలోపు ఆ నంబర్ బ్లాక్ చేయించాను. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.