ఈఎన్‌టీ గదిలో కొలువైన స్ప్లిట్ ఏసీ గారికి

మహారాజశ్రీ ఏసీ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే ఉంది గానీ, నిన్న మధ్యాహ్నం మీ కొలువులో కూర్చుని వచ్చాక ఇటువైపు కుశలం సంగతి ఓ నాలుగు రోజులు ఆగితే గానీ చెప్పలేను.

తర్వాతి పేషెంటుని ముందే లోపలి బల్ల మీద కూర్చోబెట్టడం అక్కడి పద్ధతి కదా, అంతా కళ్లారా చూశాను. ఓ పెద్దాయన ముక్కులో స్ప్రే కొట్టి, స్కోపీ చెయ్యడానికి కెమెరా గొట్టం పెట్టగానే తుమ్మారు చూడండి, ఒకటా, వరసపెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుందామన్నా గొట్టం ఉందాయె. ఎదురుగా టీవీ తెర మీద చుక్కలు పడ్డాయి. ఆయన చెప్పులు వేసుకుంటుండగానే ‘నెక్స్ట్’ అని నన్ను అదే స్టూలెక్కించారు. అటెండరు తెరా ట్రే తుడిచాడు, పాపం. గాలిని ఎవరు తుడుస్తారండీ?

మీరా, బయటి గాలి లోపలికి తేరు. ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, పక్కవాడి తుమ్ముని పెళ్లివారి మీద పన్నీరు చల్లినట్టు గదంతా సమంగా పంచుతారు. మీ జాలీ దుమ్ముని ఆపుతుందేమో గానీ ఆ సన్న తుంపరని ఆపదు. పెద్ద చుక్కలు నేల మీద పడతాయి, వాటితో పేచీ లేదు. సన్నవే తేలుతూ ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం, మనిషి వెళ్లిపోయాక గంటకు 12 సార్లు గాలి మారే గదిలోనైనా అవి 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. రెండుసార్లే మారితే 138. మీ గదిలో ఎన్నిసార్లు మారుతుందో అడగాలంటేనే భయం, ఎందుకంటే కిటికీకి ప్లైవుడ్ కొట్టేశారు, ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నానికి మందుల కంపెనీ కేలండరు అట్ట పెట్టి చుట్టూ టేపు వేశారు. చల్లదనం పోతుందట!

డాక్టరుగారి మాస్కు ఆయన గడ్డానికి కాపలా కాస్తోంది, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.

గొంతు బొంగురని వచ్చినవాళ్లలో ఎవరికి స్వరపేటిక టీబీ ఉందో గొట్టం వేసి చూసేదాకా ఆయనకే తెలీదు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశానివే. 2020లో కరోనా వచ్చినప్పుడు తప్పనిసరైతే తప్ప స్కోపీ వద్దన్నారు, తలుపులు బార్లా తీసి మిమ్మల్ని ఆపేశారు. ఇప్పుడేమైంది, జనం తుమ్మడం మానేశారా?

మర్యాదగా రాద్దామనుకున్నా, నావల్ల కాదు. ఏమోయ్, ఎవడి సొమ్మని ఆ కన్నం మూయించావు? రోజంతా గొట్టం పట్టుకుని అదే గాలి పీల్చే ఆ డాక్టరు, ఆ అటెండరు కుర్రాడు మనుషులు కారా? ఎండలోంచి వచ్చి నీ కింద నిలబడితే ప్రాణం లేచొచ్చింది, కాదనను. అయితే మాత్రం?

వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. ఆ అట్ట నేనే పీకుతా. వద్దన్నారో, నా స్కోపీ వరండాలో పెట్టించుకుంటా.

ఇట్లు,
నీ కింద కూర్చున్న ముక్కు దిబ్బడ పేషెంటు