పిడిమీద పట్టు తప్పిన ప్రపంచం

జేబులో మడిచి పెట్టుకునే కత్తికి పిడి గరుకుగా ఉండాలా, నున్నగా ఉండాలా? ఇంత ముఖ్యమైన విషయంలో ప్రపంచ ప్రభుత్వాలు దాదాపు అన్నీ నోరు మెదపకుండా కూర్చున్నాయి. స్విట్జర్లాండ్‌ను మాత్రం మినహాయించాలి. ఆ దేశపు సైన్యం 1891లో జవాన్లకు ఇచ్చిన మడతకత్తికి ముదురు రంగు ఓక్ చెక్క పిడి ఉండేది. తర్వాత ఫైబరు వచ్చింది. 1961లో అల్యూమినియం, దానిమీద వేలికి తగిలేలా ఒత్తిన సన్నటి గళ్లు. 2009 నుంచి ఆకుపచ్చ ప్లాస్టిక్, పట్టు జారకుండా నల్లటి మెత్తని పట్టీలు. రెండు ప్రపంచ యుద్ధాలకూ దూరంగా ఉండి ఆ దేశం తీరిక వేళల్లో ఏం ఆలోచించిందో ఇప్పుడు తెలిసింది కదా.

మిగతా దేశాలు ఈ బాధ్యతను పౌరులకు వదిలేశాయి. పౌరులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పాత పిడే పిడి అనేవారు ఒకవైపు, పాతదంతా చేతిలోంచి జారిపోయే చెత్త అనేవారు మరోవైపు. రెండు పక్షాలవారూ ఆ కత్తులతో చివరికి కోసేది కొరియర్ పార్సిల్ మీది టేపునే. అది వేరే సంగతి.

పాత పక్షం వంశవృక్షం ముందుగా పరిశీలించాలి. ఇందులో మనకూ భాగం ఉంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల పనివారు పిడికి మేలైన సరుకుగా ఎంచుకున్నది భారతదేశపు అడవుల్లోని కణుజు అనే పెద్ద జింక కొమ్మును. పైన లోతైన చారలు, ఎత్తుపల్లాలు. లోపల బోలు తక్కువ, గట్టిదనం ఎక్కువ. ఏటా తనంతట తానే రాలిపోతుంది. కణుజు ఆ చారలను ఏ ఇంగ్లీషు దొర అరచేతికోసమూ పెంచుకోలేదు. అయినా దొరకు పట్టు బాగా కుదిరింది.

కొమ్ము అందరికీ అందేది కాదు. అప్పుడు ఎవరో మహానుభావుడికి పశువుల కాలి ఎముక గుర్తొచ్చింది. దాన్ని పలకలుగా కోశారు. అది నున్నగా ఉంది. యంత్రం కింద పెట్టి చిన్న చిన్న గాట్లు వేశారు. గోధుమరంగు ఎక్కించారు. దూరం నుంచి చూస్తే కొమ్మే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందన్న సామెతను ఇంత శ్రద్ధగా, ఇంత పెద్ద ఎత్తున అమలుచేసిన పరిశ్రమ మరొకటి ఉండదు.

ఇంతటితో ఆగి ఉంటే ఇది చేతిపనుల చరిత్రగా మిగిలేది. 1960లో డ్యూపాంట్ కంపెనీ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. చవక, పగలదు, ఏ ఆకారంలోనైనా పోయవచ్చు. ఏ ఆకారంలోనైనా పోయగల ఆ పదార్థాన్ని అమెరికా కత్తుల కంపెనీలు ఏ ఆకారంలో పోశాయి? గాట్లు పడిన ఎముక ఆకారంలో. కణుజును చూసి ఎముక వాతలు పెట్టుకుంటే, ఆ వాతలను చూసి ప్లాస్టిక్ వాతలతోనే పుట్టింది. ఎవరూ వేయని గాట్లు అవి. ఇప్పుడు ఆ డెల్రిన్ కత్తులను కూడా ‘అసలైన పాతవి’ అని దాచుకునేవారు ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను. మూడో తరానికి ఏ వంశమైనా కులీనమే.

ఈ వంశాల లెక్క పద్ధతిగా రాసిపెట్టినవారు పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీవారు. కత్తి నమూనా నంబరులో మొదటి అంకె పిడి ఏ సరుకో చెబుతుంది. 5 అంటే అసలు కొమ్ము. 6 అంటే గాట్ల ఎముక. 3 అంటే పసుపుపచ్చ ప్లాస్టిక్. 8 అంటే ముత్యపు చిప్ప, 9 అంటే ముత్యపు చిప్పలా నటించేది. తన నటనను నంబరు మీదే ఒప్పుకున్న 9కి నా నమస్కారం. 6 మాత్రం ఆ నిజాయితీ చూపలేదు. ఎముకకు బదులుగా వాడిన గరుకు నల్ల సరుకుకూ, తర్వాత డెల్రిన్‌కూ అదే అంకె దక్కింది. ఎముకా ప్లాస్టిక్కూ ఒకే రేషన్ కార్డులో చేరిపోయాయి.

అదే కంపెనీ కొత్త కత్తి పిడిమీది గాట్ల అంచులను ముందే అరగదీసి, ఏళ్లతరబడి జేబులో నలిగినట్టు తయారుచేసి, ‘పాకెట్ వోర్న్’ పేరుతో అమ్ముతుంది. వారసత్వంగా కత్తి రానివారికి ఇది గొప్ప ఊరట. పెట్టెలో ఒక తాతగారి ఫొటో కూడా పెడితే ఏ లోటూ ఉండదు. నిజంగా అరిగిన పిడి తీరు వేరు. బొటనవేలు ఆనే చోట గాట్లు దాదాపు మాసిపోయి, తేనెరంగు తేలి, గాజులా మెరుస్తూ ఉంటాయి. లోహపు తొడుగు పక్కన, వేలు చేరని మూలలో, అవే గాట్లు నిన్న వేసినంత పదునుగా, అడుగున నల్లగా ఉంటాయి. యజమానిది కుడిచేతివాటమో ఎడమచేతివాటమో ఆ అరుగుదల చెప్పేస్తుంది. ఫ్యాక్టరీ అరుగుదలకు అలాంటి పక్షపాతం లేదు. అన్ని మూలలకూ సమన్యాయం.

సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ పిడుల జోలికి పోను. అవి ముసలితనంలో ఆవిరి వదిలి, పక్కనున్న బ్లేడుకే తుప్పు పట్టిస్తాయి. అలాంటి బంధువులు అందరికీ ఉంటారు.

ఇక నవీనులు. వీరికి జీ-10 కావాలి. గాజుపోగుల బట్టను ఎపాక్సీ అనే జిగురులో ముంచి, వేడితో ఒత్తి గట్టిపరిచిన పలక అది. అసలు పుట్టింది ఎలక్ట్రానిక్ బోర్డుల కోసం. నీటికి ఉబ్బదు, చెమటకు చెదరదు, దానిమీద చెక్కిన గరుకు నూనె చేతిలోనూ జారదు. నడిసముద్రంలో తుఫాను రాత్రి ఓడ తాడు కోయవలసి వస్తే ఇంతకు మించినది లేదు.

డల్లాస్‌లో ఉండే మా బావమరిది దగ్గర ఇలాంటిది ఒకటి ఉంది. డల్లాస్‌కు సముద్రం చాలా దూరం. అయినా పోయినసారి వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, “బావగారూ, తడి చేతిలో కూడా జారదు” అన్నాడు. “నీ చేయి ఎప్పుడు తడిసిందయ్యా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “గిన్నెలు కడుగుతున్నప్పుడు” అన్నాడు. అతని ప్యాంటు కుడి జేబు అంచు తెల్లబడి, పోగులు లేచి, ఒకచోట చిరుగు పట్టి ఉంది. 1981లో స్పైడర్కో కంపెనీ కత్తికి క్లిప్పు తగిలించినప్పటి నుంచి మడతకత్తి జేబు అడుగున పడి ఉండటం మానేసి, అంచు పట్టుకుని వేలాడటం మొదలుపెట్టింది. క్లిప్పుకూ గరుకు పిడికీ మధ్య చిక్కుకున్న అమాయక పక్షం ప్యాంటు బట్ట. తీసినప్పుడొక కోత, పెట్టినప్పుడొక కోత. కత్తి బ్లేడు కోసినదానికంటే పిడి కోసిందే ఎక్కువ.

దీనికి ఆ వర్గం ఒక పరిష్కారం కనిపెట్టింది. క్లిప్పు విప్పి, దాని కింది గరుకును ఉప్పు కాగితంతో నున్నగా అరగదీస్తారు. గాజు ధూళి పీల్చకూడదు కనుక ముక్కుకు మాస్కు వేసుకుని, నీళ్లు చల్లుకుంటూ దీక్షగా చేస్తారు. గరుకుకు డబ్బు పెట్టి, ఆ గరుకును తీసేయడానికి మళ్లీ డబ్బు పెట్టడం ఆర్థిక వ్యవస్థకు మంచిదని నిపుణులు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

మైకార్టా శాఖవారు కాస్త సాత్వికులు. 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ సంస్థ విద్యుత్ పరికరాల కోసం తెచ్చిన సరుకు ఇది: బట్ట పొరలు, వాటిని అతికించే ఫినాలిక్ రెసిన్ అనే జిగురు. చేతి జిడ్డు పీల్చుకుని రోజురోజుకూ నల్లబడుతుంది. వీరు దాన్ని పటీనా, అంటే వాడకంతో వచ్చిన వన్నె, అని పిలిచి, ఫొటోలు తీసి మురిసిపోతారు. అదే పటీనా ఇంట్లో ఫ్యాను స్విచ్చుమీద కనిపిస్తే మాత్రం సబ్బునీళ్లు తెస్తారు.

ఈ గొడవ ఏదీ పట్టనివాడు ఫ్రాన్సులోని సవోయి రైతు. 1890 నుంచి తయారవుతున్న అతని ఒపినెల్ కత్తికి గాట్లు లేవు, గళ్లు లేవు. గుండ్రటి బీచ్ చెక్క, అంతే. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడును బిగబడుతుంది. అప్పుడు పిడి వెనుక కొసను బల్లకేసి ఠకీమని కొడతాడు, బ్లేడు తల బయటపెడుతుంది. దానికి ‘సవోయివాడి దెబ్బ’ అని పేరు కూడా పెట్టుకున్నారు. లోపానికి పేరు పెట్టి సంప్రదాయం చేసుకున్నవారితో వాదించి లాభం లేదు.

అసలు కొమ్ముకు దారులు మూసుకుపోయాయి. కణుజు ముప్పున్న జాతుల జాబితాకెక్కింది, మన దేశం కొమ్ముల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఎముకను అనుకరించిన డెల్రిన్‌ను అనుకరించే గాట్లను జీ-10 మీద చెక్కాలి. గాట్ల జీ-10 పిడులు ఇప్పటికే వచ్చేశాయి కనుక సగం పని అయినట్టే. మిగిలింది వాటిని ముందే అరగదీసి, క్లిప్పు కింద ఫ్యాక్టరీలోనే ఉప్పు కాగితం పట్టించి, ప్రతి కత్తితో ఒక చిరిగిన ప్యాంటు ఉచితంగా ఇవ్వడం. ముందస్తు బుకింగ్ మొదలవగానే నా పేరున ఒకటి కట్టేయమని బావమరిదికి చెప్పాను. ఏ రంగు కావాలి బావగారూ అన్నాడు. అటవీ శాఖవారు అభ్యంతరం చెప్పని రంగు ఏదైనా సరే అన్నాను.