మేమంతా ఒక ఫ్యామిలీ!

అమెరికాలో సర్జరీ రెసిడెన్సీ (డాక్టరు చదువయ్యాక సర్జన్ కావడానికి పొందే శిక్షణ) ఇచ్చే హాస్పిటళ్లు వందల్లో ఉన్నాయని ఇన్నాళ్లూ పొరబడ్డాను. ఇంటర్వ్యూల సీజన్‌లో అసలు సంగతి తెలిసింది. అక్కడ హాస్పిటళ్లే లేవు. అన్నీ ఫ్యామిలీలే.

2020 నుంచి ఈ ఇంటర్వ్యూలు చాలావరకు ల్యాప్‌టాప్‌లోనే జరుగుతున్నాయి. మా మేనకోడలు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే, కెమెరాకి అందకుండా పక్కన నేను కూర్చున్నాను. మొదటి శిక్షణ ప్రోగ్రామ్ డైరెక్టర్‌గారు గొంతు సవరించుకుని, "మా దగ్గర కల్చర్ వేరు. మేమంతా ఒక ఫ్యామిలీ" అన్నారు. ముచ్చటేసింది. మర్నాడు ఇంకొకాయన అదే మాట, అదే గొంతుతో అన్నారు. పన్నెండో ఇంటర్వ్యూకి నాక్కూడా కంఠతా వచ్చేసింది.

ఇంటర్వ్యూలయ్యాక అభ్యర్థులూ ప్రోగ్రాములూ తమకి నచ్చినవాళ్లని వరసగా రాసిస్తే, కంప్యూటర్ జత కలుపుతుంది. దీనికి మ్యాచ్ అని పేరు పెట్టింది ఎవరో గానీ, అచ్చంగా సంబంధం కుదర్చడమే. కుదిరితే జనరల్ సర్జరీలో కనీసం ఐదేళ్ల కాపురం. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. వీళ్లు వందతో ఆగట్లేదు.

అసలు వినోదం రెసిడెంట్లతో, అంటే ఇప్పటికే అక్కడ శిక్షణలో ఉన్నవాళ్లతో, పిచ్చాపాటీలో ఉంది. "నేను తప్పుకుంటాను, మీరు మనసు విప్పి మాట్లాడుకోండి" అని డైరెక్టర్ వెళ్లిపోతారు. తెర మీద ఆరు ముఖాలు. ఒకతను మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకొకావిడ తలకి ఆపరేషన్ టోపీ అలాగే ఉంది. "మీకిక్కడ బాగా నచ్చిందేంటి?" అని మా పిల్ల అడిగింది. "మనుషులు" అన్నారు ఐదుగురు. ఆరోవాడు కదల్లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాం. తల నెమ్మదిగా వాలి, ఉలిక్కిపడి లేచి, "మనుషులు" అన్నాడు. "ఒక్కటి మార్చగలిగితే ఏం మారుస్తారు?" అని అడిగింది. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మెట్ల మీది అతను "పార్కింగ్" అన్నాడు. హమ్మయ్య అని ఆరుగురూ ఊపిరి పీల్చుకున్నారు. రెండో చోటా పార్కింగే. ఐదో చోటా అదే. దీన్నిబట్టి అమెరికన్ శస్త్రచికిత్సా రంగానికున్న ఏకైక సమస్య పార్కింగ్ అని నేను నిర్ధారణకి వచ్చాను.

మరి పరపతి మాటేమిటి? దానికి డాక్సిమిటీ అనే డాక్టర్ల వెబ్‌సైట్ ఇచ్చే ర్యాంకులున్నాయి. డాక్టర్లు తమకి గొప్పగా తోచిన ప్రోగ్రాముల పేర్లు చెబుతారు, ర్యాంకు తయారవుతుంది. ఆ గడప ఎన్నడూ తొక్కనివాళ్లు కూడా ఫలానా ఇల్లు మంచిదంటారు. ఆ ఇంటి కోడలు ఏమంటుందన్నది వేరే సంగతి.

ఈ వంశాలకి మూలపురుషుడు విలియం హాల్‌స్టెడ్. జాన్స్ హాప్కిన్స్‌లో 1889 తర్వాత ఈ పద్ధతికి పునాది వేశారు. రెసిడెంట్ అంటే హాస్పిటల్లోనే నివాసం, ఎన్నేళ్లో చెప్పరు. ఆయన కొకైన్‌కి అలవాటుపడి, ఆ చికిత్సలో మార్ఫిన్‌కి అలవాటుపడ్డ మనిషి. పని, విశ్రాంతి విషయాల్లో అలాంటాయన దగ్గరికి ఎవరైనా సలహాకి వెళ్తారా? సర్జరీ రంగం వెళ్లింది.

2003లో రెసిడెంట్ల పని వారానికి 80 గంటలు దాటకూడదని దేశమంతటికీ హద్దు పెట్టారు. అదీ నాలుగు వారాల సగటు. వంద గంటల వారం ఒకటి పడితే అరవై గంటల వారం ఇంకోటి రావాలి. రాకపోతే కాగితం మీద తెప్పిస్తారు. తెప్పించేది రెసిడెంటే. ఎందుకంటే గుర్తింపు సంస్థ పంపే సర్వేలో నిజం రాస్తే చర్య పడేది ప్రోగ్రామ్ మీద. గుర్తింపు పోతే నడిరోడ్డున పడేది రాసినవాడు. అయినా ఏ ప్రోగ్రామ్‌లో పిల్లలు ఏం రాశారో చేరబోయేవాళ్లకి చూపించరు. చేరాక నువ్వే రాసుకో!

మిమ్మల్ని ఎలా చూస్తున్నారని 2018లో సర్జరీ రెసిడెంట్లని ఏటా రాసే పరీక్షతో పాటే ఒక సర్వే అడిగింది. 99 శాతం మంది జవాబిచ్చారు. తిట్లో దెబ్బలో తిన్నామన్నవాళ్లు 30.3 శాతం. ఆ పని ఎక్కువగా చేసేది అటెండింగ్ సర్జన్లే, అంటే ఇంటిపెద్దలే. ఆడపిల్లల్లో 65 శాతం మంది ఆడవాళ్లమని వివక్ష చూపారన్నారు, దాదాపు 20 శాతం మంది లైంగిక వేధింపులన్నారు. గడిచిన ఏడాదిలో చచ్చిపోవాలనిపించిందన్నవాళ్లు 4.5 శాతం. వీళ్లకి ఆ ఆలోచన పార్కింగ్ దొరక్క వచ్చిందా డైరెక్టర్‌గారూ? ప్రోగ్రామ్‌కీ ప్రోగ్రామ్‌కీ తేడా చాలా ఉందని కూడా తేలింది. ఏది ఏదో పేర్లు చెప్పలేదు. మనుషుల్ని కొరుక్కుతినే ఇల్లేదో తెలిసే వీలుండి కూడా, పిల్లల్ని కళ్లకి గంతలు కట్టి పంపుతున్నారు. సిగ్గు లేదూ! పైగా "మా రోజుల్లో ఇంకా ఘోరం" అని నవ్వుతారు. అత్తా ఒకింటి కోడలే అని మనవాళ్లన్నది ఆమె కాస్త జాలి పడుతుందని, కోడలి మీద కసి తీర్చుకోమని కాదు.

మేనకోడలు రాత్రంతా కూర్చుని లిస్టు తయారుచేసింది. "మామయ్యా, ఒకటో నంబరు ఎవరో చెప్పుకో" అంది. ఒక ప్రోగ్రామ్‌లో చీఫ్ రెసిడెంట్, అంటే చివరి ఏడాది రెసిడెంట్, పార్కింగ్ ఊసే ఎత్తలేదట. "రెండేళ్లలో ఇద్దరు మానేశారు. ఎందుకో వాళ్లనే అడగండి, నంబర్లిస్తాను" అందట. ఇచ్చింది కూడా. మా పిల్ల ఫోన్ చేస్తే ఆ ఇద్దరూ గంటసేపు మాట్లాడారు.

ర్యాంకుల్లో అదెక్కడుందో చూద్దామని ఫోన్ తీశాను. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపాల్సి వచ్చింది.