జాబితా ఒకచోట, జోను మరోచోట

హైదరాబాద్ పాతబస్తీలో పాత దేవిడీలు, అంటే నవాబుల కాలం నాటి పెద్ద భవంతులు, పొక్లెయిన్ దెబ్బకు పడిపోయేది తక్కువ, వానకు పడిపోయేది ఎక్కువ. మిద్దె మీది గచ్చు ఎక్కడో బీటవారుతుంది. నీరు దూలాల్లోకి దిగుతుంది. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. దొరికినా ఆ ఖర్చు వారసుల్లో ఎవరు పెట్టుకోవాలన్నది ఒకంతట తేలదు. చివరికి ఎవరో ఒకరు నాలుగు బస్తాల సిమెంటు తెప్పించి పూయిస్తారు. సున్నపు గోడ పీల్చిన తేమను సిమెంటు పూత బయటికి పోనివ్వదు కనుక గోడ లోలోపలే గుల్లబారుతుంది. ఆపై ఒక వేసవి చివర మున్సిపల్ సిబ్బంది వచ్చి, జీహెచ్‌ఎంసీ చట్టం 456వ సెక్షను కింద శిథిల భవనం నోటీసు అంటించి వెళతారు. ఖాళీ అయిన స్థలంలో కొత్త నిర్మాణానికి అనుమతి ఇచ్చేది కూడా ఆ మున్సిపల్ యంత్రాంగమే. ఇంత జరిగినా ఎవరూ ఏ చట్టాన్నీ ఉల్లంఘించినట్టు కాదు.

దీనికి యజమానుల ఆశనో, అధికారుల అలసత్వాన్నో నిందించి ఊరుకోవడం సులువు. మేము చూస్తున్న లోపం వేరు. ఏ కట్టడం నిలవాలో చెప్పే జాబితా ఒకరి దగ్గర ఉంది. ఆ స్థలంలోనూ దాని ఇరుగుపొరుగు స్థలాల్లోనూ ఏమి కట్టుకోవచ్చో చెప్పే జోనింగ్ నిబంధన ఇంకొకరి దగ్గర ఉంది. మొదటి దానివల్ల యజమానికి ఒక ఫలకం వస్తుంది, రెండో దానివల్ల డబ్బు వస్తుంది. ఈ రెండు నిర్ణయాలూ ఒకే బల్ల మీద జరగాలి.

ఒకప్పుడు జరిగాయి కూడా. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోనే 13వ నిబంధనగా 1995లో వారసత్వ పరిరక్షణ చేరింది. నూరుకు పైగా భవనాలు, వాటితోపాటు కొన్ని శిలా సముదాయాలు కూడా జాబితాకెక్కాయి. ముంబయి సైతం అదే ఏడాది తన అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోనే ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ 13వ నిబంధనను తొలగించి, 2017లో వారసత్వ పరిరక్షణకు ప్రత్యేక చట్టం తెచ్చింది. చట్టంలో కమిటీలకు కొదవ లేదు. కాని జోనింగ్ నిబంధనల పుస్తకం తిరగేసే అధికారికి దానంతటదే కనిపించే షరతు, ఇప్పుడు వేరే గదికి వెళ్లి అడిగి తెలుసుకోవలసిన సంగతి అయింది.

ఈ తెంపు ఎంత దూరం వెళ్లగలదో 2019లో ఎర్రమంజిల్ చూపించింది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో కట్టించిన ఆ సౌధాన్ని పడగొట్టి, అక్కడ కొత్త శాసనసభ భవనం కట్టాలని జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేయడంతో సౌధం బతికిపోయింది. పట్టుదలగా కోర్టుకెక్కిన పౌరులు ఉన్నారు కాబట్టి సరిపోయింది. పేరులేని వీధిలో, పత్రికల కంట పడని ఒక సాధారణ పాత ఇంటి కోసం ఎవరు కోర్టుకెక్కుతారు?

రక్షణ కరువైన చోటు అది. రక్షణే గుదిబండ అయిన చోట్లు కూడా ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న ఏ కట్టడం చుట్టూ అయినా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణతో ఈ కొలత చట్టంలోనే స్థిరపడింది. చార్మినార్‌కూ అంతే, జనసంచారం లేని గుట్ట మీది గుడికీ అంతే. వరంగల్ కోట లోపల జనం తరతరాలుగా కాపురముంటున్నారు. కొడుక్కి పెళ్లయిందని నిషిద్ధ ప్రాంతంలో కొత్తగా ఒక గది వేసుకోవడం కుదరదు. 1992 జూన్ 16కు ముందు కట్టిన ఇంటికైనా మరమ్మతు చేసుకోవాలంటే అనుమతి తెచ్చుకోవాలి. వృత్తలేఖినితో గీసిన గీతకు వీధి వాలు తెలియదు, ఇళ్ల ఎత్తు తెలియదు, కోటగోడ ఏ వైపు నుంచి కనిపిస్తుందో తెలియదు. ఒక్కో కట్టడానికి దాని పరిసరాలను బట్టి విడిగా ఉపవిధులు రూపొందించాలని అదే సవరణ చెప్పింది. ఆ పని మాత్రం నత్తనడకన సాగుతోంది. ఇలాంటి చోట్ల ఇంటిపోరు పడలేక జనం చాటుమాటుగా గోడ లేపితే, ఆ నేరంలో సగం గీత గీసినవారిదే అంటాము.

ఇక యజమాని గోడు. ఊరందరి గర్వం కోసం ఒక్కరి ఆస్తికి సంకెళ్లు వేసినప్పుడు ఆ ఒక్కరికి ఊరు ఏదో ఒకటి చెల్లించాలి. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషను నెత్తిన ఆకాశహర్మ్యం కట్టనివ్వని నగర పాలనతో రైల్వే కంపెనీ తలపడింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో నగరం వైపే మొగ్గింది. స్టేషను మీద కట్టలేకపోయిన అంతస్తుల హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు బదిలీ చేసుకునే వీలు కంపెనీకి ఉండడం కూడా ఆ తీర్పులో లెక్కకు వచ్చింది. 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందిన అహ్మదాబాద్, పోళ్లు అనే పాత ఇరుకు వాడల్లోని చెక్క ఇళ్ల యజమానులకు ఇలాంటి హక్కునే ఇస్తోంది. మన 2012 భవన నిబంధనల్లోనూ వారసత్వ కట్టడాలకు టీడీఆర్, అంటే ఇలా బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు, ప్రస్తావన ఉంది.

అయితే మెలిక అంతా ఇక్కడే ఉంది. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) కుదిరితే ఎంత ఎత్తయినా లేపవచ్చు. అలాంటి నగరంలో టీడీఆర్ ఇవ్వడమంటే ఏటి ఒడ్డున నీళ్లు అమ్ముకోమనడమే. అదనపు అంతస్తు కోసం, సెట్‌బ్యాక్ సడలింపు కోసం కొందరు కొంటారు, నిజమే. పరిమితి లేనిచోట ఆ హక్కుకు న్యాయమైన ధర మాత్రం రాదు. కాబట్టి కట్టడాల పరిరక్షణ గురించి నిజాయితీగా మాట్లాడేవారు నగరంలో ఎంత కట్టవచ్చన్న ప్రశ్నను తప్పించుకోలేరు. ఆ పరిమితి తేలేలోపు ఆస్తి పన్ను మినహాయింపు, సున్నపు పనికి తక్కువ వడ్డీ రుణం ఇవ్వవచ్చు. దానికి బదులుగా యజమాని మీద ఒక కట్టుబాటు పెట్టాలి. జాబితాలోని కట్టడం కూలిపోతే ఆ స్థలంలో పాత కట్టడం ఉన్నంత విస్తీర్ణానికి మించి అనుమతి ఇవ్వకూడదు. కూలనిస్తే లాభం లేదని తెలిసిన రోజున చూరు కారకముందే మేస్త్రీ వస్తాడు.

నివాస జోన్ల సంగతి మరో తలనొప్పి. బంజారాహిల్స్‌లో ఇళ్ల మధ్య దుకాణాలు, ఆసుపత్రులు వెలిశాక, ఆ రోడ్లను వాణిజ్య రోడ్లుగా ప్రకటించి రుసుము కట్టించుకోవడం మన పాలకుల పద్ధతి. 2007లో, 2015లో వచ్చిన అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు కూడా ఆ కోవలోవే. నియమం పాటించినవాడు వెర్రివాడైపోయే ఏర్పాటు ఇది. అయినా, వీధి స్వరూపం చెడిపోతోందంటూ వచ్చే ప్రతి అర్జీలో వారసత్వ ప్రేమ ఉంటుందని మేము నమ్మము. పెద్ద ప్లాట్లున్న వీధుల్లోకి చిన్న ఫ్లాట్లు, అద్దెవారు రాకుండా చూసుకోవడానికీ ఆ మాట బాగా పనికొస్తుంది. అందుకే జాబితా పొట్టిగా ఉండాలి. ప్రతి కట్టడం ఎందుకు చేరిందో కారణం రాసి ఉండాలి. జాబితాలో లేని స్థలం కొత్త ఇళ్లకు తలుపు తెరవాలి.

పాతబస్తీలోని పత్తర్‌గట్టీని గుర్తుచేసుకుందాం. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, పేదలకు ఇళ్లు కట్టిన కాలం నాటిది ఆ రాతి కమానుల వరుస. కింద దుకాణాలు, పైన నివాసాలు, వీధి పొడవునా ఒకే ముఖభాగం. ఈరోజు మనం కాపాడాలంటున్నది నిన్నటి కూల్చివేతలోంచి పుట్టిందే. దుకాణం, ఇల్లు వేరువేరు జోన్లలో ఉండాలనే మన మాస్టర్ ప్లాన్ల పట్టింపు అప్పుడే ఉంటే ఆ వీధి పుట్టేదే కాదు.

ఎవరు నిర్ణయించాలి అన్నదానికి రాజ్యాంగం దారి చూపింది. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితా. అందులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ, భవన నిర్మాణాల నియంత్రణ. ఆచరణలో భూ వినియోగ మార్పిడి సచివాలయం నుంచి జీవోగా వెలువడుతుంది. ఆ స్థలం ఉన్న వార్డు కార్పొరేటర్ కూడా పేపర్లో చదివి తెలుసుకుంటారు. అభ్యంతరాలు కోరుతూ ఇచ్చే ప్రకటనలు మా పత్రికతో సహా అన్నింటిలోనూ ఒక మూలన సర్వే నంబరు, గజాల లెక్కతో అచ్చవుతాయి. అది తమ వీధి గురించేనని అక్కడివారికే తెలియదు. ఆ ప్రకటనలో ఇంటి నంబరు, వాడుకలో ఉన్న పేరు ఉండాలి. దానిని ఆ స్థలం గేటు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ అంటించాలి. విచారణ వార్డు కార్యాలయంలో, అందరూ వచ్చే వేళలో జరగాలి. వచ్చిన అభ్యంతరాలను తోసిపుచ్చితే, ఎందుకు తోసిపుచ్చారో జీవోలోనే రాయాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. మున్సిపల్ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.