ప్యాచ్ పంపేముందు దారి గీయాలి

2024 జులై 19న సైబర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలదోసింది. అప్పటి నుంచి కంపెనీల ఐటీ విభాగాలు ఒక పాఠం బట్టీ పట్టాయి. ఏ అప్‌డేట్ (ప్యాచ్) అయినా దశలవారీగా పంపాలి, ముందు పదిమందికి, తర్వాత వందమందికి, ఆ తర్వాతే అందరికీ. మంచిదే. కానీ ఆ అప్‌డేట్ ఏ దారిన వెళ్లి యంత్రాన్ని చేరుతుందో అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే సాఫ్ట్‌వేర్ పంపిణీలో సగం టెన్షన్ అక్కడే పుడుతోంది.

లెక్క వేద్దాం. జిల్లా కేంద్రంలో ఒక బ్రాంచి ఉంది. 60 కంప్యూటర్లు, హెడ్డాఫీసుకు 20 ఎంబీపీఎస్ లింకు. 4 జీబీల విండోస్ అప్‌డేట్ వచ్చింది. అరవై యంత్రాలూ దేనికది హెడ్డాఫీసు సర్వర్ నుంచి లాక్కుంటే మొత్తం 240 జీబీలు. ఆ లింకు మీద ఇంకే పనీ నడవకపోయినా 26 గంటలు దాటుతుంది. అదే, ఒక్క కాపీ బ్రాంచికి తెచ్చుకుని మిగతా 59 యంత్రాలకు అక్కడే పంచితే లింకు మీద భారం అరగంటలోపే. టూలు మారలేదు, లైసెన్సు మారలేదు, ఒక్క రూపాయి అదనంగా పోలేదు. లింకు పెంచాలంటూ ఫైలు కదిపేముందు ఈ గుణకారం చేసి చూసిన మేనేజర్లు ఎంతమందో!

కంపెనీ కంప్యూటర్లన్నిటికీ సాఫ్ట్‌వేర్ పంపే టూలు మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో (పాతవాళ్ల నోట ఇంకా ఎస్‌సీసీఎమ్మే) ఈ దారి గీసే పని బౌండరీ గ్రూపులది. ఈ ఐపీ రేంజిలో (నెట్‌వర్క్ అడ్రసుల వరుసలో) ఉన్నవాళ్లు ఈ డిస్ట్రిబ్యూషన్ పాయింట్ (ఫైళ్లు పంచే సర్వర్) నుంచి తెచ్చుకోవాలని ముందే రాసిపెట్టడం. చూడ్డానికి గుమస్తా పనిలా ఉంటుంది కాబట్టి టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి తోసేస్తారు. అతని చేతికి వచ్చేది ఎప్పుడో తయారైన ఎక్సెల్ షీటు. ఈలోగా నెట్‌వర్క్ టీమ్ మూడో అంతస్తుకు కొత్త సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో విడి అడ్రసుల ముక్క) ఇచ్చేసి ఉంటుంది, వైఫైకి వేరే రేంజి వేసి ఉంటుంది. డెస్క్‌టాప్ టీమ్‌కు ఆ కబురు అందదు. చెప్పాలని రూలు ఎక్కడుంది గనక? ఏ గ్రూపులోకీ రాని కంప్యూటర్ సైట్ డిఫాల్ట్ గ్రూపులో పడుతుంది. అక్కడ ఏ సర్వరూ తగిలించకపోతే ఇన్‌స్టాల్ కదలదు. తగిలిస్తే ఊళ్లు దాటి తెచ్చుకుంటుంది. ఒకే రేంజి రెండు గ్రూపుల్లో ఉంటే రెండు చోట్ల సర్వర్లూ ఆ పీసీ జాబితాలోకి వస్తాయి. రిపోర్టులో ఎక్కడా ఎరుపు కనిపించదు, ‘వెయిటింగ్ ఫర్ కంటెంట్’ అని మాత్రం రోజుల తరబడి ఉంటుంది.

క్లౌడ్ వాదులకు ఇదంతా పాతకాలం గోల. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ టూలు ఇంట్యూన్ వచ్చింది, ల్యాప్‌టాప్ నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఇక సర్వర్లెందుకు, బౌండరీలెందుకు అంటారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల విషయంలో ఆ మాట నిజమే. 2020 లాక్‌డౌన్‌లో అప్‌డేట్ల ట్రాఫిక్‌ను వీపీఎన్‌లోకి (ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారిలోకి) రానీయకుండా బయట నుంచే పంపమని మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది.

ఆఫీసులో కూర్చున్నవాళ్ల సంగతేమిటి? విండోస్‌లోనే ఉన్న డెలివరీ ఆప్టిమైజేషన్ పక్క పీసీల నుంచి ముక్కలు తెచ్చుకుంటుంది కదా అంటారు. దాని ల్యాన్ మోడ్‌లో, వేరే పరిమితి ఏదీ లేకపోతే, పక్క పీసీ అంటే ఎవరో తెలుసా? ఒకే పబ్లిక్ ఐపీతో (బయటికి కనిపించే అడ్రసుతో) ఇంటర్నెట్‌కు వెళ్లేవాళ్లంతా. బ్రాంచిలన్నీ హెడ్డాఫీసు ఫైర్‌వాల్ గుండానే బయటికి వెళ్లే కంపెనీలో గుంటూరు పీసీకి ఆదిలాబాద్ పీసీ పక్కింటిదైపోతుంది! ఏ లింకును కాపాడాలనుకున్నామో దాని మీదే ఇచ్చిపుచ్చుకోవడాలు నడుస్తాయి. దాన్ని ఆపాలంటే ఒక్కో బ్రాంచికి ఒక గ్రూప్ ఐడీ ఇవ్వాలి, యంత్రాలకు అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 234 ద్వారా కూడా ఇవ్వొచ్చు, లేదా సబ్‌నెట్‌కు పరిమితం చేయాలి. క్లౌడ్‌కు వెళ్లినా తిరిగి తిరిగి అదే సబ్‌నెట్ల పట్టిక ముందుకు వచ్చాం.

అసలు జబ్బు మన చదువుల్లో ఉంది. అమీర్‌పేటలో ఏ బోర్డు చూసినా టూలు పేరే. ఏ మెనూలో ఏ బటన్ నొక్కాలో నేర్పి పంపిస్తారు. సబ్‌నెట్ సైజు స్లాష్ 22 అంటే ఎన్ని అడ్రసులో వేళ్ల మీద చెప్పగల కుర్రాడు దొరకడం కష్టం. ఇన్‌స్టిట్యూట్‌లను మాత్రమే తిట్టి లాభం లేదు, ఇంటర్వ్యూలో కంపెనీ అడిగేదీ టూలు మీద ఎన్నేళ్ల అనుభవమనే. ఆ కుర్రాళ్లే నెలలో రెండో మంగళవారం రాత్రి కాల్‌లో కూర్చుంటారు. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు విడుదలయ్యేసరికి మనకు రాత్రి పదిన్నర, అమెరికా చలికాలంలో పదకొండున్నర. తర్వాత బ్రాంచిలకు పంపిణీ మొదలయ్యే రోజున నెట్‌వర్క్ టీమ్‌ను పిలిచేది లింకు నిండిపోయాకే.

దీనికి కొత్త టూలేమీ కొనక్కర్లేదు. కొత్త సబ్‌నెట్ తెరిచే టికెట్‌లో ఒక గడి పెట్టండి, ఇది ఏ బౌండరీ గ్రూపులోకి వెళ్తుంది అని. డెస్క్‌టాప్ టీమ్ దాన్ని నింపేదాకా ఆ టికెట్ మూయడానికి వీల్లేదు. అడ్డుపడే మేనేజర్ ఉంటే, ఆ బ్రాంచి లింకు నిండిన రోజు యూజర్ల ఫోన్లన్నీ అతనికే మళ్లించండి.