కూల్చివేత ఆగితే సరిపోదు

హైదరాబాద్‌లో పాత భవంతుల మీద చర్చ ఎప్పుడు లేచినా కూల్చాలా, వద్దా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఎర్రమంజిల్‌ను తొలగించి కొత్త శాసనసభ కట్టాలని 2019లో మంత్రివర్గం చేసిన నిర్ణయాన్ని అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. అయితే అలా దక్కిన భవనాన్ని ఎవరు, దేనికి, ఎవరి ఖర్చుతో వాడాలన్నది తీర్పుతో తేలే విషయం కాదు.

అది తేల్చుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్, నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కుటుంబం నివసించిన ఇల్లు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన కవితా సంపుటి పేరే దానికి స్థిరపడింది. సరోజిని కుమార్తె పద్మజా నాయుడు ఇచ్చిన ఆ ఇంట్లోనే, 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలినాళ్లు గడిచాయి. తర్వాత కొన్నాళ్లు లలితకళల విభాగం నడిచింది. అది గచ్చిబౌలికి తరలిపోయాక, నాటకాన్ని జనానికి చేరువ చేసేందుకు 2012లో విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్‌కు ఈ ఇల్లు చిరునామా అయింది.

కుర్చీల చుట్టూ తాళ్లు కట్టి మ్యూజియం చేయడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. ప్రదర్శనకు వేదికలంటే 1961 నుంచి రవీంద్రభారతి ఉండనే ఉంది. నాటక సమాజాలకు కరువైంది రిహార్సల్ చోటు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం సిటీ బస్సు ఎక్కి వచ్చే నటులకు వారాల తరబడి ఒక గది కావాలి, అదీ ఊరి నడిబొడ్డున, భరించగల అద్దెకు. పెద్ద ఆడిటోరియం తీర్చలేని ఈ అవసరాన్ని గదులున్న పాత ఇల్లు తీర్చగలదు.

ఇక మరమ్మతుల సంగతి. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుంది. పెచ్చు ఊడిన చోట తక్కువ టెండరు వేసిన కాంట్రాక్టరు సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కుకుని చుట్టూ ఉన్న పూత కూడా రాలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, వాళ్ల కూలి ఎక్కువ. ప్రారంభోత్సవానికి విడుదలయ్యే నిధులు పదేళ్ల తర్వాతి పైకప్పును కాపాడవు.

కాబట్టి ఎర్రమంజిల్‌ను రేపు సాంస్కృతిక కేంద్రంగా ప్రకటిస్తే శిలాఫలకం కన్నా ముందు రెండు కాగితాలు అడగాలి: ఏటా మరమ్మతులకు విడిగా కేటాయించిన పద్దు ఒకటి, సాయంత్రాలు ఏ బృందాలకు ఎంత అద్దెకు ఇస్తారో చెప్పే నిబంధనలు రెండోది.