తల అదిరితే ఆ రోజుకు ఆట చాలు

2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ వేసిన బంతి మెడకు తగిలి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ కుప్పకూలాడు. వైద్యుల పరీక్షల్లో నెగ్గి, ముప్పావు గంటలో మళ్లీ బ్యాటు పట్టుకుని దిగాడు. తలనొప్పి, మత్తు బయటపడింది మర్నాటి పొద్దున. డాక్టర్లు పక్కనే ఉన్నచోట అలా జరిగితే, మండల పోటీల్లో మొహాన నీళ్లు చల్లి ‘ఏం కాలేదు, ఆడరా’ అనే పెద్దమనిషి ఏం తేల్చగలడు?

స్పృహ తప్పలేదు కదా అన్నది మనవాళ్ల మొదటి ధీమా. బొప్పి పైకి కట్టింది, లోపల భయం లేదన్నది రెండోది. రెండూ తప్పే. కపాలంలో మెదడు అదిరిపోవడమే కంకషన్. ఎక్కువమందికి స్పృహ పోదు. దెబ్బ తలకే తగలనక్కర్లేదు. కబడ్డీలో వెల్లకిలా పడి తల ఒక్కసారి కుదిపినా చాలు. సీటీ స్కాన్‌లోనూ అది కనబడదు, స్కాన్ తీసేది రక్తస్రావం ఉందేమోనని.

కాబట్టి అడిగి చూడాలి. ఎవరితో ఆడుతున్నాం? చివరి పాయింటు ఎవరిది? తడబడితే బయటికి. సరిగ్గా చెప్పినా అనుమానముంటే బయటికే. ఒంటరిగా వదలొద్దు, బండి నడపనివ్వొద్దు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, కాళ్లూచేతులు తిమ్మిరెక్కినా 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పంటే లేపి కూర్చోబెట్టనే కూడదు.

రోజుల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం పాతబడిన పద్ధతి. తొలి 24 నుంచి 48 గంటలు ఫోను, టీవీ తగ్గించాలి. ఇంట్లో మెల్లగా నడవొచ్చు. ముందు బడి, తర్వాతే ఆట. నడక, పరుగు, ఒంటరి సాధన, మెట్టుకు కనీసం ఒక రోజు. డాక్టరు సరేనన్నాకే ఢీకొనే ఆట. హెల్మెట్ పుర్రెను కాస్తుంది గానీ కుదుపును పూర్తిగా ఆపలేదు. అయినా కార్క్ బంతి ముందు అది లేకుండా నిలబడటం తెగువ కాదు, తెలివితక్కువతనం.

పిల్లలు దెబ్బ దాచేది మొండితనంతోనే కాదు, జట్టులో ఒకరు తగ్గుతారన్న భయంతో. అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) 2019 ఆగస్టు 1 నుంచి తల అదిరినవారి స్థానంలో బ్యాటింగ్, బౌలింగ్ కూడా చేయగల బదులు ఆటగాణ్ని అనుమతించింది అందుకే. స్మిత్ స్థానంలో దిగిన లబుషేన్ 59 పరుగులు చేశాడు. మేం కోరేది రెండు తెలుగు రాష్ట్రాల బడి పోటీల్లోనూ ఇదే నియమం: తల అదిరినవారు ఆ రోజు మళ్లీ దిగరు, బదులు మరొకరు దిగుతారు. ఆ నిర్ణయం పీఈటీది. జట్టు కెప్టెన్‌దీ కాదు, గట్టు మీద నిలబడి అరిచే తండ్రిదీ కాదు.